సరస్సు ఒడ్డున పరామర్శ

మీగడ తీసే యంత్రం పిడి తిప్పుతున్నాను. మొదట్లో అది బరువుగా తిరుగుతుంది. లోపల చిన్న గంట ఒకటి టింగుటింగుమంటూ ఉంటుంది. వేగం అందుకున్నాక ఆ గంట ఆగిపోతుంది, అప్పుడే పాలు పోయాలి. ఒక మూతి నుంచి మీగడ సన్నగా, ఇంకో మూతి నుంచి పాలు లావుగా పడుతుంటే మధ్యలో చెయ్యి ఆపకూడదు. మాట్లాడితే చెయ్యి నెమ్మదిస్తుంది. అందుకే మా అత్తయ్య ఉల్కాన్, నేను అడ్డు చెప్పడానికి వీల్లేని మాట ఏదైనా ఉంటే, ఈ సమయం చూసుకుని చెబుతుంది.

ఆ రోజు గుమ్మంలో నిలబడి, మూడిళ్ళ అవతలి ఏసెన్‌కుల్ పాల క్యాన్లు కారులో వేసుకుని సరస్సు ఒడ్డున ఉన్న ఊరికి పోతున్నాడట అంది. సాయంత్రానికి తిరిగొచ్చేస్తాడట. తర్వాత పెరట్లో కోళ్ళను చూస్తూ అంది:

"సెప్టెంబరు వస్తే నీళ్ళు చల్లబడతాయి. ఒక్కసారి కాళ్ళు తడుపుకుని వచ్చేద్దాం, బిడ్డా. నువ్వూ రా."

నేను తలూపాను. చెయ్యి మాత్రం ఆపలేదు.

అత్తయ్య పుట్టిల్లు కనుమ అవతల, కొండల్లో చాలా ఎత్తున ఉంటుంది. కోడలిగా ఇక్కడికి వచ్చి, పిల్లల్ని పెంచి, ఇప్పుడు మనవల కోసం చూస్తోంది. మా ఊరి వెనక ఎర్రమట్టి గుట్టలు దాటితే సరస్సే. కారులో పోతే టీ చల్లారేలోపు కనిపిస్తుంది. పట్నం ఆసుపత్రికి బస్సులో పోయినప్పుడల్లా ఆవిడ కిటికీలోంచి ఆ నీలిరంగు చూసింది కానీ ఏనాడూ దిగలేదు. వేసవి అంతా గడ్డి కోత, ఆప్రికాట్లు ఎండబెట్టడం, వచ్చేపోయే చుట్టాలు. ఈ ఏడు మగవాళ్ళు ఇంకా గొర్రెలతో కొండల మీద పైమేతలోనే ఉన్నారు కాబట్టి వంట తక్కువ. కానీ ఈ ఏడే ఆవిడ మోకాలు వాచింది. వచ్చే ఏడు ఇసకలో నడవగలనో లేదో అని రెండుమూడుసార్లు అనడం విన్నాను.

పనుల కంటే పెద్ద అడ్డం ఇంకొకటి ఉంది. మా ఊళ్ళో ఆడమనిషి గేటు దాటితే పెళ్ళికి పోతుంది, బిడ్డని ఉయ్యాల్లో వేసే పండగకి పోతుంది, పరామర్శకి పోతుంది, ఆసుపత్రికి పోతుంది. ఎందుకూ కాకుండా పోవడం అనేది లేదు. ఎక్కడెక్కడి నుంచో పట్నంవాళ్ళు గొడుగులేసుకుని వచ్చి ఆ నీళ్ళలో దొర్లుతుంటే, మేము రోడ్డు పక్కన కూర్చుని వాళ్ళకి ఆప్రికాట్లు అమ్ముతాం. అంతవరకే.

ఆవు పని ముగించి, తువ్వాలు ఒకటి సంచీ అడుగున దాచి, పైన ఒక రొట్టె పెట్టి బయల్దేరాం. గేటు తీశామో లేదో, ఎదురింటి వాకిలి ఊడుస్తున్న బాత్మా పెద్దత్తయ్య చీపురు ఆపింది. మా మావయ్యకి అన్న భార్య ఆవిడ. అత్తయ్యకు తోడికోడలు, వయసులోనూ గొంతులోనూ పెద్దది.

"ఎక్కడికే, మంచి గౌను వేసుకున్నావు?"

సరస్సు అన్న మాట అత్తయ్య పెదాల దాకా వచ్చి వెనక్కి పోవడం నేను చూశాను.

"పరామర్శకి," అంది.

ఆ మాట విన్నాక చీపురు పట్టుకుని నిలబడే మనిషి మా వైపు ఎవరూ లేరు. ఎవరు పోయారని పెద్దత్తయ్య అడిగింది. పుట్టింటి వైపు దూరపు బంధువని, సరస్సు ఒడ్డున ఊళ్ళో స్థిరపడ్డాడని అత్తయ్య చెప్పింది. పెద్దత్తయ్య ముఖం ఎర్రబడింది.

"నీ పుట్టింటివాళ్ళ చావుకి మా ఇంటి పెద్ద మనిషి రాకపోతే ఏమనుకుంటారు? బాత్మా బతికుందా చచ్చిందా అనుకోరూ? ఆగు అక్కడే."

అత్తయ్య ఆగింది. ఆగక చేసేదేముంది. పెద్దత్తయ్య లోపలికి పోయి చావులకి కట్టే ముదురు నీలం తలగుడ్డ కట్టుకుని, ఆ ఎండలో చేతుల్లేని నల్ల మఖమలు కోటు తొడుక్కుని, పొద్దున నూనెలో వేయించిన బోర్సోక్ పిండి ముక్కలన్నీ మూటకట్టుకుని వచ్చింది. ఇంకో విషయం కూడా చెప్పాలి. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో చావింట శోకం పాడాలంటే పెద్దత్తయ్యనే పిలుస్తారు. ఆవిడ పాడితే పోయినవాడి శత్రువులు కూడా ఏడుస్తారు.

కారులో ఏసెన్‌కుల్ ఏదో హుషారు పాట పెట్టుకుని ఉన్నాడు. పెద్దత్తయ్య తలగుడ్డ రంగు చూడగానే పాట కట్టేసి, టోపీ సర్దుకున్నాడు. వెనక పాల క్యాన్లు ఒకదానికొకటి తగిలి మోగుతుంటే వాటిని కూడా ఆపమన్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

కారు గుట్టలెక్కుతుండగా పెద్దత్తయ్య పని మొదలుపెట్టింది.

"మనిషి ఎట్లాంటివాడు? నేను పాడాలిగా."

"మంచివాడు," అంది అత్తయ్య.

"పోయాక అందరూ మంచివాళ్ళే. గుర్రాలుండేవా?"

"లేవు."

"గొర్రెలు?"

"చేపలు పట్టేవాడు."

పెద్దత్తయ్య చాలాసేపు కిటికీలోంచి గుట్టలు చూసింది. మా దగ్గర మగవాడి గొప్పంతా గుర్రంలోనో మందలోనో ఉంటుంది. శోకాల్లో ఉండే మాటలన్నీ వాటికి అమర్చినవే.

"చేపల మీద ఏం పాడనే నేను," అంది చివరికి, చాలా దిగులుగా. తర్వాత పెదాలు కదుపుతూ తనలో తాను ఏవో మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఏసెన్‌కుల్ వంతు. చావింటికి పోయే మగవాళ్ళు వీధి మలుపు నుంచే పెద్దగా ఏడుస్తూ పోవాలి. కారులో మగవాడు తనొక్కడే కాబట్టి ఆ భారం తనదే అనుకున్నాడు. ఏ మలుపు నుంచి మొదలుపెట్టాలి వదినా అని అడిగాడు. అన్నా అని ఏడవాలా, తమ్ముడా అని ఏడవాలా అని కూడా అడిగాడు.

"నీకంటే పెద్దవాడే," అంది అత్తయ్య. ఆవిడ చెవులు తలగుడ్డ కింద కందిపోయి ఉన్నాయి.

ఇక నా వల్ల కాలేదు. తలగుడ్డ కొంగు నోట్లో కుక్కుకుని కిందికి వంగాను. నవ్వు ఆగక భుజాలు ఊగుతున్నాయి. పెద్దత్తయ్య చెయ్యి నా వీపు మీద పడింది.

"చూడవే, మొహం ఎరగని మనిషి కోసం అప్పుడే ఏడుస్తోంది. మనసున్న పిల్లని తెచ్చుకున్నావు," అంది.

అత్తయ్య నన్ను చూడలేదు. చూస్తే ఇద్దరం దొరికిపోయేవాళ్ళం.

ఊరు రాగానే అత్తయ్య పాప్లార్ చెట్ల సందు మొదట్లో కారు ఆపించింది. పాలు దించి రమ్మని, ఈ సందులోనే నేరుగా వస్తే మేం కనిపిస్తామని ఏసెన్‌కుల్‌కి చెప్పింది. అతను వెళ్ళిపోయాడు. అత్తయ్య ముందు, పెద్దత్తయ్య వెనక, మూట పట్టుకుని నేను ఆఖర్న నడిచాం. పెద్దత్తయ్య రెండుసార్లు గొంతు సవరించుకుంది. శోకం పాడేవాళ్ళు నిలబడ్డట్టు రెండు చేతులూ నడుముకి ఆనించుకుంది. సందు చివర ఇల్లేమీ లేదు. ఇసక మొదలైంది. ఇసక మీద గొడుగులు, పుచ్చకాయ తొక్కలు, ఈత బట్టల్లో బోర్లా పడుకున్న పట్నంవాళ్ళు. అవతల నీళ్ళు.

అత్తయ్య ఇసకలో కూలబడి రబ్బరు జోళ్ళు విప్పడం మొదలుపెట్టింది.

పెద్దత్తయ్య చేతులు నడుం మీదే ఉండిపోయాయి.

"అక్కా, ఎవరూ పోలేదు," అంది అత్తయ్య, తల ఎత్తకుండా. "నీళ్ళలో కాళ్ళు పెట్టాలనిపించింది. అంతే. ఆ మాట నీతో అనలేక చావన్నాను. ఇప్పుడు తిట్టు."

పెద్దత్తయ్య తిట్టింది. ఆ మఖమలు కోటులో ఎంత ఉక్కపోసిందో చెప్పింది. చేపల మీద దారంతా బుర్ర బద్దలుకొట్టుకున్నానంది. కూర్చిన ఒక చరణం చాలా బాగా వచ్చిందని, అది ఇక ఎవరికి పనికొస్తుందని అడిగింది. అత్తయ్య ఒక కాలి జోడు చేత్తో పట్టుకుని అన్నీ వింది. ఇంకో జోడు విప్పలేదు. పెద్దత్తయ్య పోదాం పదమంటే ఆ జోడు మళ్ళీ తొడుక్కుని లేచి వెనక్కి నడిచేదే. అది నాకు తెలుసు, అందుకే మూట గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

తిట్లు అయిపోయాక పెద్దత్తయ్య నీళ్ళ వైపు తిరిగింది. గొంతు తగ్గించి, చావు అన్న మాట నోట్లోంచి వచ్చాక గాలికి వదిలేయకూడదంది. చావు పేరు చెప్పి వేయించిన పిండి మోసుకొచ్చాం, పోయినవాళ్ళలో ఎవరో ఒకరికి అది చెందాలి.

"మీ అమ్మ పోయినప్పుడు నువ్వు పుట్టింటికి పోలేదుగా," అంది.

"కనుమ మంచుతో మూసుకుపోయింది అప్పుడు."

"తెలుసు. ఇంట్లో నీతో పాటు ఏడ్చింది నేనేగా. కూర్చో."

నాతో మూట విప్పించి ఇసక మీద పరవమంది. మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులు చాచి, అత్తయ్య వాళ్ళమ్మ పేరున ప్రార్థన చదివింది. ఆ గొంతు ఒడ్డంతా వినిపించింది. మా పక్కన పడుకున్న పట్నం జంట గబగబా లేచి కూర్చున్నారు. ఆ అమ్మాయి తువ్వాలు భుజాల మీదికి లాక్కుంది, అబ్బాయి ఈత బట్ట మీద చొక్కా కప్పుకున్నాడు. ప్రార్థన ముగిసినప్పుడు వాళ్ళు కూడా మాతో పాటు అరచేతులు ముఖానికి రాసుకున్నారు. అత్తయ్య చేతులు కొంచెం ఎక్కువసేపు ముఖం మీదే ఉన్నాయి.

ఆ జంటకి బోర్సోక్ ఇచ్చాం. వాళ్ళు పుచ్చకాయలో సగం ఇచ్చారు. తిన్నాక అత్తయ్య రెండో జోడు విప్పి, గౌను అంచు పట్టుకుని నడిచింది. వాచిన మోకాలు ఇసకలో తడబడితే నేను చెయ్యిచ్చాను. నీళ్ళు పాదాలకి తగలగానే నా చెయ్యి వదిలేసింది. చీలమండల దాకా, తర్వాత పిక్కల దాకా వెళ్ళి నిలబడింది. వంగి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"కొంచెం ఉప్పగా ఉంది. ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు నాకు."

"అడిగావా?" అంది పెద్దత్తయ్య ఒడ్డు నుంచి.

ఆవిడ తనకి అవసరం లేదని, జలుబు చేస్తుందని, ఇక్కడే మూట కాపలా ఉంటానని అంది. తర్వాత మఖమలు కోటు విప్పి మడతపెట్టి నా చేతిలో పెట్టింది. తర్వాత చూసేసరికి అత్తయ్యని దాటి నడుం లోతు నీళ్ళలో ఉంది. గౌను చుట్టూ గుండ్రంగా తేలుతోంది. గౌను కిందికి నొక్కుతుంటే మళ్ళీ పైకి వస్తోంది, నొక్కుతూ నవ్వుతోంది. శోకం పాడే గొంతుతో ఎవరైనా నవ్వితే ఎలా ఉంటుందో అప్పుడే విన్నాను.

మేము ముగ్గురం ఒక సంగతి మరిచిపోయాం.

పాప్లార్ చెట్ల సందులోంచి పెద్ద ఏడుపు వినిపించింది. "అన్నా, నా కొండంత అండా, నన్నొదిలి పోయావా అన్నా" అంటూ ఏసెన్‌కుల్ టోపీ కళ్ళ మీదికి లాక్కుని, ఊగుతూ, పరిగెత్తుకొచ్చాడు. ఒప్పుకున్న పని మధ్యలో ఆపే మనిషి కాదతను. ఇసక మీద పడ్డాక కూడా ఏడుపు ఆపలేదు. ఒడ్డు మీద అందరూ లేచి నిలబడ్డారు. ఎవరు మునిగిపోయారో అని కొందరు నీళ్ళలోకి పరిగెత్తారు.

"ఆపవయ్యా, ఎవరూ పోలేదు," అని నీళ్ళలోంచి అరిచింది పెద్దత్తయ్య. "నీళ్ళు బాగున్నాయి. రా."

ఏసెన్‌కుల్ టోపీ పైకెత్తి ఇద్దరు వదినల్నీ చూశాడు. అతని చెంపలు నిజంగానే తడిగా ఉన్నాయి. ఎక్కడా ఎవరూ పోనందుకు ముందు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత, తనని ఇలా ఏడిపించినందుకు వదినలిద్దరూ బతికున్నంతకాలం తనకి బాకీ పడ్డట్టేనన్నాడు. ఆ తర్వాత ప్యాంటు మడిచాడు.

తిరిగొచ్చేటప్పుడు పాట పెట్టాడు. పెద్దత్తయ్య గౌను నుంచి కారు సీటంతా తడిసింది. ఊరు దగ్గరపడగానే అత్తయ్య తలగుడ్డ బిగించుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వీధిలో ఆవుల్ని తోలుకొచ్చే వేళ అది, ప్రతి గేటు దగ్గరా ఒక మనిషి ఉంటుంది. మేము దిగగానే పక్కింటి ఆవిడ ముఖం దిగులుగా పెట్టుకుని ఎదురొచ్చి, ఎవరు పోయారని అడిగింది.

అత్తయ్య పెద్దత్తయ్య వైపు చూసింది. పెద్దత్తయ్య తన గౌను అంచు పిండుకుంటూ, నువ్వే చెప్పుకో అన్నట్టు నిలబడింది.

"ఎవరూ పోలేదు," అంది అత్తయ్య. "సరస్సుకి పోయొచ్చాం."

"ఎందుకు?"

"ఊరికే."

పక్కింటావిడకి ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తడి గౌన్లు చూసింది, నన్ను చూసింది. తర్వాత నీళ్ళు చల్లగా ఉన్నాయా అని అడిగింది. ఆవు తనంతట తానే గేటులోంచి లోపలికి పోయేదాకా వాళ్ళు ముగ్గురూ నీళ్ళ గురించే మాట్లాడుకున్నారు.

కొన్ని వారాలకి మగవాళ్ళు పైమేత నుంచి మంద దించుకుని వచ్చారు. బంగాళాదుంపలు తవ్వడం అయిపోయింది. ఒక పొద్దున మావయ్య, నా భర్త ఇంకా టీ తాగుతున్నారు. అత్తయ్య బల్ల దగ్గర నుంచి లేచి, మందంగా ఉన్న తలగుడ్డ ఒకటి ఏరి కట్టుకుంది. మోకాలికి ఉన్ని గుడ్డ చుట్టుకుంది. జేబులో రొట్టె ముక్క వేసుకుంది. మావయ్య టీ గిన్నె దించి, ఏదో అడగబోతున్నట్టు ఆవిడ వైపు చూశాడు. ఆయన నోరు తెరిచేలోపు నేను గిన్నెలో టీ పోశాను.

అత్తయ్య జోళ్ళు తొడుక్కుని, ఎక్కడికో ఎవరికీ చెప్పకుండా, ఊరికే బయటికి వెళ్ళిపోయింది.