కీపర్ కేక

ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్ "నాది!" అని అరిస్తే ముందున్న బ్యాక్ ఆటగాడు బంతి వదిలేయాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. ఫీలిమ్ మెక్‌అటీర్ పదకొండేళ్లు అలాగే వదిలేశాడు. అరిచేవాడు హెర్బీ టాగర్ట్ మరి. ఇద్దరూ ఐర్లండ్ జట్టుకు ఆడి, మ్యాచికొకటి చొప్పున ఇచ్చే గౌరవ టోపీలు మూడేసి సంపాదించారు. ఒక్కసారి కేక ఆలస్యమై గోల్ పడితే, "పూడ్చిపెట్టాక వచ్చిన ఫాదర్‌వి రా నువ్వు!" అని ఫీలిమ్ ఏడాదంతా ఏడిపించాడు.

మోకాలు పోయి ఆట మానేశాక ఫీలిమ్‌ను ఓడల కార్ఖానాలో పెట్టించింది కూడా హెర్బీయే. అప్పటికే అతను అక్కడ మేస్త్రీ. హెర్బీ ప్రొటెస్టెంట్, ఫీలిమ్ క్యాథలిక్. గోల్ ఆపినవాడి మతం బెల్‌ఫాస్ట్‌లో శనివారం ఆట దగ్గర ఎవరూ అడిగేవారు కాదు.

1920 జులైలో, పనిరోజున, అడిగారు. పనివాళ్లు టీ డబ్బాల మూతలు తీస్తుండగా, క్యాథలిక్‌లను తరిమేయాలని నూరుమంది ప్రొటెస్టెంట్ కార్మికులు వచ్చిపడ్డారు.

"చొక్కా విప్పరా!"

ఫీలిమ్ మెడలో వాళ్లమ్మ కట్టిన మేరీమాత పతకం, క్యాథలిక్ గుర్తు, బయటపడింది.

"ఒరేయ్, మన ఫీలిమ్ రా! కప్పు గెలిచిననాడు భుజాల మీద మోశాం."

"అయితే ఇప్పుడూ మొయ్యి, నీళ్లదాకా!"

అందరూ నవ్వారు.

వెనక పది అడుగుల్లో హెర్బీ ఉన్నాడని ఫీలిమ్‌కు తెలుసు. మేస్త్రీ ఒక్క మాటంటే ఆగుతారు. ఫీలిమ్ వెనక్కి తిరగకుండా, అలవాటు చొప్పున, ఎదురుచూశాడు. కేక రాలేదు. వాళ్లు విసిరిన ఇనుప మేకులు వచ్చి తగిలాయి.

పగిలిన తలతో కార్ఖానా పక్క కాలువ ఈది ఇల్లు చేరాడు. ఆదివారం చర్చి ప్రార్థనలో "మాకు కీడు చేసినవారిని మేము మన్నించినట్లు" అనే చోట అతని నోరు ఆగిపోయింది. కొట్టినవారిని ఎలాగో మన్నించాడు. ఊరకే నిలబడినవాణ్ణి ఏ లెక్కన మన్నించాలో తెలియలేదు.

రెండు వారాలకు హెర్బీ, కార్ఖానాలో ఉండిపోయిన ఫీలిమ్ పనిముట్ల పెట్టె తెచ్చి గుమ్మంలో దించాడు. సుత్తులన్నీ నూనె రాసి తుడిచి ఉన్నాయి.

"ఏదీ పోలేదు, చూసుకోరా."

"ఎందుకు అరవలేదురా?"

"పిల్లలున్నారు కదరా."

"మావి కుక్కపిల్లలా?" అంది లోపలి నుంచి ఫీలిమ్ భార్య డెలియా.

ఫీలిమ్ పెట్టె ముట్టుకోలేదు. "ఇప్పుడను. ఒక్కసారి."

హెర్బీ వీధిలో అటు చూశాడు, ఇటు చూశాడు. అప్పుడు, పెదవులు కదిలీ కదలకుండా, "నావాడు" అన్నాడు.

"వినపడలేదు," అని ఫీలిమ్ తలుపు వేసుకున్నాడు.

పెట్టె మూడు రోజులు వానలో నానింది. నాలుగో రోజు డెలియా దాన్ని పాత సామాన్ల కొట్టుకు మోసుకుపోయింది. ఇంట్లో రొట్టె నిండుకుంది.