నా ఒంటె చావు కబురు

ఆవాష్ నది పొంగి మా మేకల దొడ్లన్నీ పట్టుకుపోయి, బదులుగా ఎక్కడిదో ఒక బస్సు సీటు తెచ్చిపెట్టిన ఏడాది అది. వరద తీశాక ముళ్ళపొదల నిండా ప్లాస్టిక్ సంచులే. నా ముసలి ఒంటె ఒక సంచి మింగి రోడ్డు పక్కన పడిపోయింది. దాని గొంతులో మోచేతిదాకా చెయ్యి పెట్టి సంచి లాగబోయినవాడు రోబ్లె. రోడ్డవతలి తెగవాడు. మా రెండు తెగలకూ బావి దగ్గర ఎప్పట్నుంచో పడదు.

మా అఫార్ తెగలో ఇద్దరు ఎదురుపడితే కూర్చుని దాగు చెప్పుకోవాలి. ఏం చూశావు, ఏం విన్నావు, ఎవరి నోట విన్నావు, అన్నీ. నాకేమో నోరు విప్పడమంటే పన్ను పీకించుకున్నట్టుంటుంది. టీ పాక దగ్గర మా తెగ కుర్రాడు హుమ్మద్ దాగు అడిగితే, "ఒంటె పోయింది. రోడ్డు పక్కన. రోబ్లె ఉన్నాడు" అని టీ తాగేశాను. వాడూ ఫోను చూసుకుంటూ ఇంకేమీ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా మేనల్లుడు యాయో పదిమందినీ తుపాకులనూ వెంటేసుకుని వచ్చాడు.

"మామా, రోబ్లె వాళ్ళు నీ ఒంటెల్ని నాలుగింటిని చంపేశారట. నిన్నూ పొడిచారట. వాళ్ళ గుడిసెలు తగలబెట్టడానికి పోతున్నాం."

"నన్నెక్కడ పొడిచారు?"

"కడుపులో."

చొక్కా ఎత్తి చూపించాను.

"ఫోన్లో ఫొటో కూడా ఉంది మామా," అన్నాడు, కాస్త నెమ్మదిగా.

చూశాను. చచ్చిన ఒంటెలు నాలుగు. ఒక్కదాని ఒంటిమీదా మా వంశం వాత గుర్తు లేదు. ఫోనును చాప మీద పెట్టి దానికెదురుగా కూర్చున్నాను.

"దాగు చెప్పవయ్యా. ఎక్కణ్ణుంచి రాక? అక్కడ గడ్డి ఎలా ఉంది? వీటిని చంపుతుంటే నువ్వు చూశావా?"

ఫోను తెర నల్లబడింది.

"అదేం చెబుతుంది మామా."

"మరి దాని మాట మీద తుపాకులు మోసుకొచ్చావే. నీకెవరు పంపారు?"

"మోమినా."

"మోమినాకి?"

"హుమ్మద్."

వెనకాల ఆ పదిమందిలో హుమ్మద్ నేల చూస్తున్నాడు. "నీకెవరు చెప్పార్రా?" అని వాణ్ణడిగాను.

"నువ్వే, పెద్దయ్యా."

అందరూ నావైపు తిరిగారు. ఇక తప్పలేదు. సంచి దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను, ఒంటె రోబ్లె చెయ్యి కొరికిన సంగతితో సహా.

"ఇదంతా నిన్ననే చెప్పొచ్చుగా," అన్నాడు హుమ్మద్.

"నువ్వు అడగొచ్చుగా."

యాయో తుపాకీలోంచి తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పాలకుండ పట్టుకుని రోడ్డు దాటాను. వాళ్ళ కుర్రాళ్ళూ తుపాకులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మేం వస్తున్నామని వాళ్ళ ఫోన్లకీ కబురందిందట. చేతికి కట్టు కట్టుకున్న రోబ్లె ఎదుట కూర్చుని, అందరూ వినేలా మొదటినుంచీ దాగు చెప్పాను. రోబ్లె మధ్యలో రెండుసార్లు కునుకు తీశాడు. లేపి, మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.