ఎద్దూ కాకీ ఎటు చూస్తున్నాయి

పిల్లప్పకు పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. బళేపేటలోని రాతి అచ్చాఫీసులో పాతికేళ్ళుగా అచ్చుకోసం రాళ్ళమీద బొమ్మలు గీస్తున్నాడు. ఊదుబత్తి పొట్లాల మీద పులి, అగ్గిపెట్టెల మీద నెమలి, అన్నీ ఆయన చేతివే. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. ఇప్పుడు యజమాని వెంకటరాయప్పకు పిల్లల బొమ్మల పుస్తకం వేయాలని బుద్ధి పుట్టింది. అట్టమీద పిల్లప్ప పేరు కూడా వేస్తానన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటుంది లోకం. ఈ పుస్తకంలోని కథలో మాత్రం కాకి ఎద్దు కొమ్మెక్కి కబుర్లు చెబుతుంది.

యుద్ధం రోజులు, కాగితం దొరకడం గగనమైపోయింది. దొరికిన కాస్తమీద ఈ సాయంత్రంలోగా బొమ్మ ఎక్కాలి. రేపటి నుంచి మిషను మళ్ళీ ఊదుబత్తి పొట్లాలదే.

ఎద్దూ కాకీ బొమ్మ గీయడం అయిపోయింది, రాతికి బంక పూయడమే తరువాయి. పూశాక గీతను మార్చడం బ్రహ్మతరం కాదు. ఆ పూసేది ఓబళప్ప. ఆయనతో పిల్లప్పకు దసరా నుంచి మాటల్లేవు. "ఓబళప్పకు చూపు తగ్గిపోయిండాది" అని పిల్లప్ప యజమాని చెవిన వేశాడు, అదీ కారణం. తప్పు తనదేనని తెలుసు, ఒప్పుకోవడానికే నోరు రాదు. అందుకని ఇద్దరూ రాతిమీద తట్టి పని నడుపుకుంటున్నారు. ఒకసారి తడితే పూయమని, రెండుసార్లు తడితే ఆగమని.

పిల్లప్ప ఒకసారి తట్టి గంటయింది. ఓబళప్ప మూలన కూర్చుని బంక కలుపుతూనే ఉన్నాడు. పాయసమా అది, అంతసేపు కలపడానికి! పిల్లప్ప లేచాడు, కూర్చున్నాడు, కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు.

ఇంతలో మనవరాలు మునిలక్ష్మి సంగటి గిన్నె తెచ్చి, రాతిమీది ఎద్దునూ కాకినీ వంగి చూసింది.

"తాతా, వీళ్ళిద్దరూ జగడమాడినారా?"

"లేదమ్మా, స్నేహితులు."

"మరి ఒకర్నొకరు చూసుకోనే లేదే? ఇద్దరూ నన్నే చూస్తా ఉండారు."

పిల్లప్ప గబుక్కున బొమ్మ మీదికి వంగాడు. నిజమే. పొట్లం మీది జంతువు కొనేవాడి కళ్ళలోకే చూడాలి. పాతికేళ్ళ అలవాటు చెయ్యి మానలేదు. ఇలాంటి బొమ్మ మీదేనా తన పేరు పడేది!

"ఇంకా ఎంతసేపప్పా?" లోపలి నుంచి యజమాని కేకేశాడు. ఓబళప్ప ఇక తప్పదన్నట్టు కుంచె ముంచి లేచాడు. పిల్లప్ప రెండుసార్లు తట్టాడు. మిషను రొదలో వినబడలేదు. మళ్ళీ తట్టాడు. కుంచె రాతి దగ్గరికి వచ్చేసింది.

"ఓబళా! ఆగప్పా!"

కుంచె ఆగింది. పిల్లప్ప చాకుమొనతో కనుపాపలు గీకి, ఎద్దు చూపు పైకీ కాకి చూపు కిందికీ తిప్పాడు. 

"ఇప్పుడు సరిగ్గా ఉండాదా?" తల ఎత్తకుండానే ఓబళప్పను అడిగాడు.

"ఇప్పుడు ఉండాది. ఎద్దు ఎటో చూస్తా ఉండాదని పొద్దున్నే చూసినా నేను."

"చూసీ చెప్పలేదేమప్పా?"

"చూపు తగ్గినోని మాట ఎవరు వింటారు? నువ్వు పిలుస్తావేమోనని గంటసేపు ఊరికే బంక తిప్పినా."

పిల్లప్ప తల ఎత్తి ఆయన కళ్ళలోకి చూశాడు.

"తప్పు నాది, ఓబళా."

ఓబళప్ప రాతిమీద ఒకసారి తట్టి, బంక పూయసాగాడు.