ఊయల బోల్టు

మా ఆయన చెడ్డవాడని నేను కలలో కూడా అనను. చెడ్డవాళ్లతో వేగడం సులువు. వాళ్లు మన మానాన మనల్ని వదిలేస్తారు. మంచివాళ్లే మన కోసం కెమెరాలు ఎన్నుకుంటారు.

కావాలన్నది నేనే. చదువుకునే రోజుల నుంచీ నా దగ్గరున్న బుల్లి కెమెరాకి బ్యాటరీ మూత ఊడిపోయింది. రబ్బరు బ్యాండు వేసుకుని నెట్టుకొస్తున్నాను. "ఇంకోటి కొనుక్కుంటాను" అన్నాను ఓ రోజు. అంతే, మర్నాటి నుంచి మా భోజనాల బల్ల మీద కంచం పెట్టుకోవడానికి చోటు లేదు. సెన్సర్ సైజులు, లెన్సుల మౌంట్లు, వానలో తడిసినా చెడని బాడీలు, ఆ బాడీలకి తొడిగే చొక్కాలు. నేను తీసేవేమో బాల్కనీలో ఆరేసిన బట్టలు, మెట్ల మీద ఎండ, నిద్రపోతున్న మనుషులు. వాటిలో ఏదీ వానలో తడిసేది కాదు, బట్టలు తప్ప.

మా ఆయన బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలిస్తారు. ఎదుటివాడు చెప్పింది నమ్మకపోవడమే ఆయన ఉద్యోగం. ఆ పని ఇంటికి తెచ్చుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానో.

షాపులో నాకొక చిన్న బాడీ నచ్చింది. పిడికిట్లో పిచ్చుకలా ఇమిడింది. "అది బొమ్మ" అని నా చేతిలోంచి తీసి పక్కన పెట్టి, ఇటుకంత ఇంకోటి అందుకున్నారు. "గ్రిప్ చూడు, ఎంత హాయిగా ఉందో!" అన్నారు తన అరచెయ్యి మూసి తెరుస్తూ. ఎవరి చేతికి హాయిగా ఉందో నేను అడగలేదు, పరాయివాళ్ల ముందు ఎందుకులే అని. నా వంతు వచ్చినప్పుడు కెమెరా వెనకున్న కంతకి ఎడమ కన్ను ఆనించి చూశాను.

"కుడి కన్ను పెట్టు. అందరూ కుడి కన్నే పెడతారు."

"నాకు ఎడమ కన్ను మూయడం రాదండీ. చిన్నప్పటి నుంచీ అంతే. కన్ను కొట్టాలన్నా కుడిదే కొట్టాలి."

"ఎవరికి కొట్టావేంటి?" అని నవ్వారు. ఆ కెమెరా విషయంలో మేమిద్దరం కలిసి నవ్వుకోవడం అదే ఆఖరు.

ఇంటికొచ్చాక "ఇంత మంచి కెమెరాలో ఉన్న సౌకర్యాలన్నీ వాడుకోవాలి" అని మెనూలో కనిపించిన ప్రతిదీ ఆన్ చేసి నాకు అందించారు. నేను తీశాను. ఫోటోలో మనుషులు ఆవిరి పట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టు వచ్చారు. ఆయన కెమెరా లాక్కుని, బొటనవేలితో స్క్రీన్ మీద ఇలా ఒక్కసారి రుద్ది, అదే చోట నిలబడి అదే ఫోటో తీశారు. వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టుకునేలా వచ్చింది.

"చూశావా? కెమెరా బంగారం. నీకు చెయ్యి వణుకుతోంది."

ఈ చేతులతో నేను సూదిలో దారం ఒక్క ప్రయత్నంలో ఎక్కిస్తాను. సలసల కాగే నూనె చుక్క ఒలకకుండా ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వంపుతాను. నిద్రలో ఉన్న ఆయన వేలిలోంచి ముల్లు తీశాను, ఆయన గురక కూడా ఆగలేదు. అదంతా సాక్ష్యం కిందికి రాదట. ఫోటోనే సాక్ష్యం.

ఇక నా చేతికి చికిత్స మొదలైంది. ముందు ట్రైపాడ్. దాని మీద కూడా మొహాలు చెదిరితే, "బటన్ నొక్కేటప్పుడు వణుకుతోందన్నమాట" అని రిమోటు. తర్వాత మణికట్టుకి చుట్టే పట్టీ, వణుకును దిద్దే లెన్సు, జారకుండా రబ్బరు తొడుగు. నేను తీసిన ప్రతిసారీ స్క్రీన్ మీద కుడివైపు జిడ్డు మరక పడుతోందని దానికో పారదర్శకమైన రేకు అతికించి, "కాస్త మొహం కడుక్కుని తీయకూడదూ?" అన్నారు. ఒక్కో వస్తువు ఇంట్లోకి వస్తుంటే, నాకు ఒక్కో అవయవం పనిచేయడం లేదని పొట్లం కట్టి చెప్పినట్టుండేది. ఇంత జరుగుతున్నా కుడి కన్ను, ఎడమ కన్ను మాట మళ్లీ ఎత్తలేదు ఆ మనిషి.

అప్పుడే మా ఆడపడుచుకి పాప పుట్టింది. రెండు వీధుల అవతలే ఇల్లు. అత్తగారు కూడా అక్కడే మకాం. నేను బోలెడు ఫోటోలు తీశాను. ఒక్కదాంట్లోనూ పాప మొహం తేటగా లేదు. అందరూ వాళ్లింట్లో టీవీ ముందు చేరి చూస్తుంటే ఆయన జాలిగా తల ఊపి, "ఏం చేస్తాం, తనకి చేతులు వణుకుతున్నాయి" అన్నారు.

వంటింట్లో అన్నా ఓర్చుకునేదాన్ని. అందరి ముందూ అన్నారు. ఆగారా? ఫోన్ చేసి బంధువులందరికీ చెప్పారు. ఒకరు వ్యాయామాలు పంపారు. ఇంకొకరు విటమిన్ మాత్రలు. ఆయన పెద్దమ్మయితే ఇలాగే మొదలై తన తోటికోడలు ఎలా పోయిందో అరగంట సేపు పూసగుచ్చినట్టు చెప్పింది. నరాల డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లారు. డాక్టరు చేతులు చాపమన్నాడు, చాపాను. వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు, ముట్టుకున్నాను. "ఏ జబ్బూ లేదు" అన్నాడు. బయటికొచ్చాక మా ఆయన "కెమెరా పట్టుకున్నప్పుడే వస్తుందేమో" అన్నారు. క్లెయిము తిరస్కరించడంలో ఆయనకి మించినవాడు లేడు.

ఆ మర్నాడు పాపని చూడ్డానికి వెళ్లాను. నిద్ర లేచి కాళ్లు తన్నుకుంటోంది. ఎత్తుకుందామని చేతులు చాపాను. ఆడపడుచు గబుక్కున అడ్డం వచ్చింది.

"నువ్వు కూర్చో వదినా. నేను పట్టుకుంటాలే, నువ్వు చూడు."

అత్తగారు ఫ్యాను వంక చూశారు. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. అప్పుడు మాత్రం అవి నిజంగానే వణికాయి, కోపంతో. ఎవరికీ కనబడకుండా ఒళ్లో దాచుకున్నాను. చెయ్యని నేరానికి నేనే సాక్ష్యం తయారుచేసి ఇస్తున్నట్టు అనిపించి కోపం ఇంకా పెరిగింది.

ఇంటికి రాగానే ఆ ఫోటోలన్నీ టీవీలో పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. మొహాలు చూడలేదు. చూసి చూసి విసుగెత్తి పక్కలు చూశాను. ఊయల స్టాండుకి కుడివైపు బోల్టు ఒకటుంది. దాని మీద తుప్పు చుక్క కూడా స్పష్టంగా కనిపిస్తోంది. తర్వాతి ఫోటోలో అదే బోల్టు. ఆ తర్వాతి దాంట్లోనూ. చెయ్యి వణికితే ఫోటో అంతా వణకాలి కదా? పాపని వదిలేసి, నా చెయ్యి బోల్టు దగ్గర మాత్రం ఎందుకు కుదురుగా ఉంటుంది?

ఆయన ఆఫీసు నుంచి రాగానే ఒక ఫోటో తీసి చూపించమన్నాను. కెమెరా తీసుకుని, అలవాటు ప్రకారం బొటనవేలితో స్క్రీన్ రుద్దారు.

"ఆ రుద్దేదేంటి?"

"ఫోకస్ గడిని మధ్యకి తెచ్చుకుంటున్నా. టచ్ ఫోకస్, వేలు పెట్టిన చోటే తేటగా వస్తుంది. నీకర్థం కాదులే."

"మధ్యకి తెస్తున్నారంటే, పక్కకి ఎవరు తీశారు?"

"ఏదో తగిలి ఉంటుంది" అంటూ సాక్సులు విప్పుకోవడానికి వెళ్లిపోయారు.

ఏదో తగిలి ఉంటుందట! నేను స్క్రీన్ శుభ్రంగా తుడిచి, మొహానికి కోల్డ్ క్రీమ్ బాగా దట్టించి, ఎడమ కన్ను ఆనించి బాల్కనీలో బట్టల్ని తీశాను. కెమెరా దించి చూస్తే కుడివైపు జిడ్డు మరక. సరిగ్గా దాని కింద ఫోకస్ గడి. నా ముక్కు! డాక్టరు పాపం సరైన చోటే వేలు పెట్టించాడు.

వెంటనే లోపలికెళ్లి అరిచేదాన్నే. అరిస్తే ఆ గదిలోనే అయిపోతుంది. ఈ మాట నలుగురిలో పాకిన చోటే చావాలి.

ఆదివారం కెమెరాతో సహా ఆయన్ని ఆడపడుచు ఇంటికి తీసుకెళ్లాను. "ఏమండీ, నా కోసం మీ చెల్లెల్ని ఒక్క ఫోటో తీయండి. ఎడమ కన్నుతో."

"ఎందుకు?"

"క్లెయిము పరిశీలన అనుకోండి."

నవ్వుతూ తీశారు. ఆడపడుచు కెమెరా అందుకుని చూసి, "అన్నయ్యా, నా మొహం ఏదీ? బీరువా తాళంచెవి తీశావేంటి?" అంది. ఆయన మళ్లీ తీశారు. మళ్లీ తాళంచెవే.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చూశారు. "ఒరేయ్, నీకూ వణుకుతోందేంట్రా? ఆ డాక్టరు నంబరుందా?"

"వణుకు కాదత్తయ్యా, ముక్కు" అన్నాను. "కుడి కన్నుతో చూస్తే ముక్కు పక్కకి ఉండిపోతుంది. ఎడమ కన్నుతో చూస్తే స్క్రీన్ మీద వాలుతుంది. అది ఎక్కడ ముట్టుకుంటే కెమెరా అక్కడే చూస్తుంది."

"అది కంపెనీవాళ్ల డిజైన్ లోపం" అన్నారు ఆయన.

"ఆన్ చేసిందెవరు?"

"మామూలుగా కొన్ని కెమెరాల్లో ముందే..."

"ఈ కెమెరాలో ఎవరు?"

ఆడపడుచు మొహం చిన్నబోయింది. ఊయలలోంచి పాపని తీసి నా దగ్గరికి తెచ్చింది. "తీసుకో వదినా. నేనేదో..."

నా చేతులు వాటంతట అవే లేచాయి. బలవంతాన దించాను. "ఆగమ్మా. ముందు మీ అన్నయ్యని చెప్పనీ. నా చేతుల గురించి అందరికీ చాటిన నోరు అదే."

"సరేలే, అయిందేదో అయింది. టీ తాగి మాట్లాడుకుందాం" అన్నారు ఆయన.

"టీ లేదు" అన్నారు అత్తగారు.

"పొరపాటు జరిగింది, సరేనా?"

"దానంతట అదే జరిగిందా? ఎవరూ చేయకుండా?"

ఆయన తలుపు వైపు చూశారు. తలుపు దగ్గర అత్తగారు ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. ఎప్పుడు నొక్కారో గానీ, స్పీకర్లోంచి పెద్దమ్మ గొంతు ఖంగుమంది. "ఏంట్రా నాన్నా, ఎలా ఉన్నాయి పాపం ఆ అమ్మాయి చేతులు?"

ఆయన ఫోన్‌ని చూశారు, పాపని చూశారు, చివరికి నన్ను చూశారు. నేను చేతులు చాపాను. ఆడపడుచు పాపని వాటిలో పెట్టింది. వెచ్చగా, బరువుగా ఉంది. నా చేతులు కొంచెం కూడా కదల్లేదు. ఆయన వాటినే చూస్తూ ఫోన్ అందుకున్నారు.

"బాగున్నాయి పెద్దమ్మా. ముందు నుంచీ బాగానే ఉన్నాయి. తను చెప్పింది వినకుండా కెమెరా నేను ఎన్నుకున్నాను, దాని సెట్టింగులు పాడుచేసిందీ నేనే, నింద తన మీద వేసిందీ నేనే. తప్పు నాది."