అత్తమ్మ అప్పగింతలు

పెళ్ళిళ్ళలో కూతుర్ని అప్పగించడం అందరూ చూసిందే. నాచారంలోని ఆ మందుల కంపెనీలో మాత్రం ఇరవై రెండేళ్ళపాటు రోజూ మధ్యాహ్నం రెండుంబావుకు అత్తమ్మను అప్పగించేవారు. ఇచ్చేవాడు ఒక అల్లుడు, పుచ్చుకునేవాడు ఇంకో అల్లుడు.

అత్తమ్మ అంటే పొడిని నొక్కి మాత్రలు చేసే పాత మిషన్. పొద్దస్తమానం సణుగుతుంది, ఎంత చేసినా తృప్తి ఉండదు, అలిగిందంటే బతిమాలందే కదలదు. అందుకని ఆ పేరు పెట్టింది బుచ్చిరాములు. విని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వి, ఆ పేరును ఖాయం చేసింది మురళీధర్.

వాళ్ళిద్దరి స్నేహం ఒక తమాషా. ఒక వారం ఒకరిది పొద్దుటి షిఫ్టు, రెండోవారిది మధ్యాహ్నం షిఫ్టు. మరుసటి వారం అటుదిటు. ఇన్నేళ్ళలో ఒక్క పూటైనా కలిసి పనిచేసింది లేదు. జనగామ నుంచి వచ్చి ఉప్పల్ చిలకానగర్‌లో ఇల్లు కట్టుకున్న బుచ్చిరాములుకూ, కాకినాడ నుంచి వచ్చి ఏఎస్ రావు నగర్‌లో అద్దెకు దిగిన మురళీధర్‌కూ ఉన్న బంధమల్లా షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య పదిహేను నిమిషాలు. వచ్చేవాడు రెండుంబావుకు రావాలి, పోయేవాడు రెండున్నరకు పోవాలి. మధ్యలో మిషన్ దగ్గర ఇద్దరూ నిలబడాలి. అది కంపెనీ పెట్టిన పెద్దసారు నియమం. "పసిపిల్లను చేతిలోంచి చేతిలోకి ఇచ్చినట్టు ఇవ్వాలయ్యా మిషన్‌ని" అనేవారాయన.

"ఎట్లుంది బావా మన అత్తమ్మ?" అంటూ లోపలికి వచ్చేవాడు బుచ్చిరాములు, తెల్ల టోపీలోకి జుట్టు తోసుకుంటూ.

"పొద్దుట్నుంచి మూతి ముడుచుకునే ఉంది బావా. పదకొండింటికి ఒకసారి గట్టిగా అరిచింది కూడా. బుజ్జగించేసరికి నా తాతలు దిగొచ్చారు."

"నువ్వు బుజ్జగిస్తె ఇంటదా? నేనొచ్చిన గదా, ఇగ సూడు, కిమ్మనదు."

"అవున్లే, నువ్వంటే భయం. మా చెల్లెమ్మంటే నీకున్నట్టు."

"గది భయం గాదు బావా, గౌరవం!"

నోళ్ళు ఇలా ఆడుతుంటే చేతులు తమ పని తాము చూసుకునేవి. పోయేవాడు మిషన్ పక్క రేకు మీద అరచెయ్యి ఆనించేవాడు. వచ్చినవాడు ఆ పక్కనే తన చెయ్యి ఆనించేవాడు. లోపల ఏ మూల ఏ అదురు ఉందో ఆ అరచేతులకు తెలిసేది. "ఇదిగో, ఇక్కడ." "ఆఁ, దొరికింది." అంతే. పోయేవాడు రేకు మీద రెండుసార్లు తట్టి వెళ్ళిపోయేవాడు. అంటే, ఇక నీదే బావా అని.

కిందటి దీపావళికి పెద్దసారు కంపెనీని అమ్మేశారు.

కొత్త యాజమాన్యం వచ్చింది. ఆ మాటలో మాన్యం ఉందిగానీ మనుషుల్లో మన్నన కనబడలేదు. గోడల మీద 'మనమంతా ఒకే కుటుంబం' అని పోస్టర్లు పెరిగాయి, కింద పోస్టులు తగ్గాయి. హెచ్చార్ నుంచి వచ్చేవన్నీ హెచ్చరికలే అయ్యాయి. క్యాంటీన్‌లో కుర్చీలు తీసేశారు, నిలబడి తింటే తొందరగా తెములుతుందని. ప్యాకింగ్ హాల్లో రాణి పాట ఎత్తుకుంటే ఇరవైమంది అందుకునేవారు. ఇప్పుడు ఆమె నోటికి మాస్కు, మనసుకు కూడా మాస్కు. నాలుగింటి టీ ఆగిపోయింది. టీమ్‌లోంచి టీ తీసేస్తే మిగిలేది 'మ్' ఒక్కటే కదా. ఎవర్ని ఏమడిగినా ఇప్పుడు అదే జవాబు: "మ్."

ఇవన్నీ బుచ్చిరాములు మింగాడు. మాత్రలు చేసేవాడికి చేదు మింగడం ఒక లెక్కా! గొంతులో అడ్డుపడింది మాత్రం ఆ పదిహేను నిమిషాలు. ఒకే మిషన్‌కు ఒకే సమయంలో ఇద్దరెందుకు అన్నారు పైవాళ్ళు. పోయేవాడు రెండూ ఇరవై ఐదుకల్లా వెనక గేటు నుంచి బయటపడాలి. వచ్చేవాడు రెండున్నరకే ముందు గేటు నుంచి లోపలికి రావాలి. మధ్యలో అయిదు నిమిషాలు అత్తమ్మ దిక్కులేనిదానిలా ఒంటరిగా ఆగి ఉండేది. చెప్పాల్సిన సంగతులు ఏమైనా ఉంటే చెప్పుకోవడానికి ఒక పలక లాంటిది గోడకు తగిలించారు. ట్యాబ్లెట్లు చేసేచోటికి ట్యాబ్లెట్టే వచ్చింది. దాని మీద పోయేవాడు 'అంతా మామూలే' అనో 'తేడా ఉంది' అనో నొక్కాలి. మూతి ముడుచుకుంది, అరిచింది, బుజ్జగించాను అని చెప్పుకోవడానికి అందులో గడి లేదు.

ఫోన్లున్నాయి కదా అంటారు మీరు. వాళ్ళూ అలాగే అనుకున్నారు. "హలో బావా" అయ్యాక ఇద్దరికీ ఏం తోచేది కాదు. ఒక ఆదివారం ఉప్పల్ రింగురోడ్డులో కలిశారు కూడా. మెట్రో స్తంభం నీడలో చాయ్ తాగారు. ఎండల గురించి మాట్లాడుకున్నారు, ట్రాఫిక్ గురించి మాట్లాడుకున్నారు. ఏడు నిమిషాల్లో మాటలు అయిపోయాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇద్దరూ ఖాళీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో అత్తమ్మ లేకపోతే అల్లుళ్ళకు వరస ఎక్కడిది?

అలా ఆరునెలలు గడిచాక, ఒక బుధవారం మురళీధరే ఫోన్ చేశాడు.

"బావా, వెళ్ళిపోయేవాళ్ళకి ఇస్తామన్న స్కీముకి సంతకం పెట్టేశాను. శనివారంతో సరి. పొద్దుటి షిఫ్టే. కాకినాడలో తమ్ముడి మందుల షాపులో కూర్చుంటాను. ఇన్నాళ్ళూ చేసిన మాత్రలు ఇక అమ్ముకుంటాను."

"మ్," అన్నాడు బుచ్చిరాములు. అని, ఆ 'మ్' తన నోట్లోంచి వచ్చినందుకు తననే తిట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం షిఫ్టు తనదే. ఒక్కసారి, ఆఖరుసారి, అత్తమ్మను మురళీ చేతి నుంచి తన చేత్తో అందుకోవాలి. ఆ కోరిక అతణ్ణి పట్టుకుని వదల్లేదు. మర్నాడు ప్లాంటు పెద్ద హృషికేశ్ గదికి వెళ్ళాడు. ముప్పై అయిదు దాటని కుర్రాడు, మర్యాదస్తుడే.

"సార్, శనివారం నాకు పదిహేను నిమిషాలు కావాలె. పైసలొద్దు. రెండుంబావుకు లోపలికి రానిస్తె సాలు."

"ఎందుకండీ? ఫేర్‌వెల్ శుక్రవారం పెట్టాం కదా, కేక్ కూడా ఉంది."

"కేకు గాదు సార్. మిషన్ అప్పజెప్పుకోవాలె."

"దానికి ఫారం ఉందిగా. మీ సెంటిమెంట్ నాకు అర్థమైంది రాములుగారూ. కానీ ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు. ప్రాసెస్ ఈజ్ ప్రాసెస్."

ఆ ప్రాసెస్‌లో ప్రాస అయితే కుదిరిందిగానీ, శ్రుతి ఎక్కడా కలవలేదు. బుచ్చిరాములు దండం పెట్టి బయటికొచ్చాడు.

వరండాలో సూపర్‌వైజర్ స్వర్ణలత ఆపింది. పదిహేనేళ్ళుగా వీళ్ళ అప్పగింతలు చూసిన మనిషి.

"రాములన్నా, రూలు పూర్తిగ సదివినవా? పోయెటోడు గాని, వచ్చెటోడు గాని 'తేడా ఉంది' అని నొక్కితే ఇద్దర్నీ మిషన్ కాడ నిలబెట్టాలె. కలిసి సూసి, కలిసి సంతకం బెట్టాలె. వచ్చినోడు నొక్కనీకి రెండున్నర సంది పదిహేను నిమిషాల టైముంటది."

"పదిహేనా?" బుచ్చిరాములు కళ్ళు మెరిశాయి.

"కాకపోతే ఆ తేడా పోయెటోని పేరు మీదనే ఎక్కుతది. మురళీగారి పేరు మీద ఇప్పటిదాంక ఒక్కటి గూడ లేదు." ఆమె అటూ ఇటూ చూసింది. "నేనేం జెప్పలేదు, నువ్వేం ఇనలేదు."

ఆ రాత్రి షిఫ్టు దిగాక ఫోన్‌లో బుచ్చిరాములు చెప్పేశాడు. "బావా, శనివారం పోయేటప్పుడు 'తేడా' నొక్కు. నన్ను లోపలికి పిలుస్తరు. ఇద్దరం నిలవడుదం."

"ఆఖరి రోజు అత్తమ్మ మీద అబద్ధం చెప్పమంటావా బావా?"

"అబద్ధమేంది, అది రోజూ సణుగుతనే ఉంటది గదా!"

"చూద్దాంలే," అన్నాడు మురళీధర్.

శనివారం రెండింటికే బుచ్చిరాములు ముందు గేటు దగ్గరికి చేరాడు. పిలుపు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు. రెండుంబావు అయింది. రెండూ ఇరవై అయింది. ఎవరూ పిలవలేదు. రెండున్నరకు గేటు తెరుచుకుంది. గబగబా తెల్ల బట్టలు వేసుకుని గదిలోకి వెళ్ళాడు. పలక మీద మురళీధర్ పేరు, పక్కన ఆకుపచ్చ అక్షరాల్లో 'అంతా మామూలే'.

కింద రెండు గడులు వెలుగుతున్నాయి. 'ఒప్పుకుంటున్నాను.' 'తేడా ఉంది.' పక్కన అంకెలు తగ్గుతున్నాయి. పన్నెండు నిమిషాల యాభై సెకన్లు.

అతను మిషన్ ఆన్ చేశాడు.

మాత్రలు రాలడం మొదలైంది. బుచ్చిరాములు చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. సణుగుడు లేదు. కుడిపక్క ఎప్పుడూ వచ్చే టకటక లేదు. అరచెయ్యి ఆనించాడు. అదురు లేదు. ఎనిమిది గంటలూ ఆ మనిషి ఇదే పనిగా పెట్టుకుని, ప్రతి మరా బిగించి, ప్రతి అచ్చూ తుడిచి, ఏళ్ళ తరబడి ఉన్న సణుగుడంతా వదిలించి పోయాడు. అత్తమ్మ అంత బుద్ధిగా ఉండటం బుచ్చిరాములు ఎన్నడూ చూడలేదు.

"అరువు జర, ఒక్కసారి," అన్నాడు దాంతో మెల్లగా. "ఒక్కసారి అరువే తల్లీ, బావను పిలుస్త."

అది అరవలేదు.

వేలు 'తేడా ఉంది' మీదికి పోయింది. నొక్కితే చాలు, మురళీ వస్తాడు. ఇద్దరూ నిలబడతారు. చేతి పక్కన చెయ్యి. తర్వాత కాకినాడ పోయాక కాగితాల్లో ఏముంటే మాత్రం ఎవరు చూస్తారు? పదకొండు నిమిషాలు. తొమ్మిది. వేలు అక్కడే గాలిలో ఆగింది. రేకు మీద ఉన్న రెండో అరచేతికి మాత్రం మురళీధర్ పనితనం వెచ్చగా తగులుతూనే ఉంది. దీన్ని తేడా అనడానికి ఏ వేలికి మనసొప్పుతుంది?

ఇంకా ఒక నిమిషం ఉందనగా 'ఒప్పుకుంటున్నాను' నొక్కాడు.

పలక ఆరిపోయింది. కాసేపటికి స్వర్ణలత వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"రాములన్నా, మురళీగారు ఇప్పుడే పోయిన్రు. వెనక గేటు బయట హెల్మెట్ చేతిలో పట్టుకొని ఎండల్నే నిలవడ్డరు, రెండు ముప్పావు దాంక. బండి తియ్యలే."

బుచ్చిరాములు తల తిప్పాడు.

"ఏమన్నడు?"

"'రాములు పిలవలేదా అమ్మా?' అన్నరు. లేదన్న. 'అయితే బావున్నట్టే' అన్నరు. నవ్విన్రు. పోయేముందు గేటు మీద రెండుసార్లు తట్టి, బండి స్టార్ట్ జేసిన్రు. వాచ్‌మెన్‌కు సమజ్ గాలే, గేటెందుకు తట్టినవని అడుగుతున్నడు."

బుచ్చిరాములు రేకు మీద తన చెయ్యి పక్కన, ఇంకో చెయ్యి పట్టేంత జాగా వదిలి నిలబడ్డాడు. కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకుందామంటే చేతులకు గ్లవ్స్.

అత్తమ్మ మాత్రం మాత్రలు రాలుస్తూనే ఉంది.