పటేల్ జీపు జాలీలు

కండ్లకు అద్దాలు పెట్టుకునేటోళ్లను చూసిన, పండ్లకు బంగారం తొడిగిచ్చుకునేటోళ్లను చూసిన. జీపు లైట్లకు ఇనుప జాలీలు ఏపిచ్చుకొని ఓట్లు అడగవోయినోన్ని మాత్రం మా బాలనర్సయ్య పటేల్‌నే చూసిన. ఆయన జీపు నడిపేది నేనే, అబ్బాస్‌ను. అందుకే నాకింత మంట.

మండలాలు కొత్తగ వచ్చిన యేడు. ఎల్లారెడ్డి దిక్కు మా పటేల్‌కు భూమి మస్తు, మీసం మస్తు. కుర్చీ ఒక్కటే తక్కువ. మండల అధ్యక్షుడు గాకుంటే బతుకే దండుగ అని కూసున్నడు. పోటీకి లింగయ్య నిలవడ్డడు. ఆయనకు ఉన్నదల్ల ఓ సైకిలు, దానికి బెల్లు సుత లేదు. మేం గెలిచినట్టే అనుకున్నం.

కామారెడ్డికి పోయిన నాడు డాక్ బంగ్లా ముంగట ఓ ఖాకీ జీపు ఆగి ఉండె. లైట్ల మీద చువ్వల జాలీలు. పటేల్ దాని సుట్టు తిరిగి తిరిగి చూసి, బండంటే ఇట్ల ఉండాలె, చూస్తెనే ఎదుటోడు జరగాలె అన్నడు. అది ఆబ్కారోళ్ల బండి, ఊర్లల్ల గుడుంబ సారా కుండలు పలగ్గొట్ట పోతది, జనం రాళ్లు ఏస్తరని లైట్లకు జాలీలు పెట్టుకున్నరు అని చెప్పిన. చెవిటోని ముంగట శంఖం ఊదినట్టాయె.

సిరిసిల్ల రోడ్డు మీద గఫూర్ భాయి వెల్డింగ్ దుకాణం. ఆ సర్కారు బండికి జాలీలు చేసింది గూడ ఆయననే. అచ్చం అసొంటియే కావాలన్నడు పటేల్. గఫూర్ భాయి దర్జీ లెక్క కొలతలు తీసి, చువ్వలు కోసి, అడ్డం నిలువు పేర్చి అతికిచ్చిండు. బోల్టులు పెట్టాల్నా, బంపరుకే అతికియ్యాల్నా అని అడిగితే, జన్మల ఊడొద్దు అన్నడు పటేల్. ఖాకీ రంగు మిగిలింది, బండికి ఎయ్యాల్నా అంటే దానికీ తలకాయ ఊపిండు. ఇగ ఆ రెండు బండ్లు ఒక్క తల్లి పిల్లలే.

నాకు మనసున పట్టక, పటేలా, ఓట్లకు పోయే బండి ఇది, జనం బెదురుతరు అన్న.

"భయం లేంది భక్తి రాదు అబ్బాసూ. నువ్వు స్టీరింగు పట్టుకో."

పట్టుకున్న. నాదేం పాయె.

జెండా ముంగట కడితే జాలీలు కనవడయని దాన్ని ఎనుకకు కట్టిపిచ్చిండు. అడివి అంచున ఉన్న మొదటి ఊరికి పోయినం. జీపు చెరువు కట్ట దిగుతుంటెనే ఎవరో కేక పెట్టిన్రు. మేం చావడి కాడికి చేరేసరికి ఊర్లె మనిషన్నోడు లేడు. పొయ్యిల మీద కూరలు మాడుతున్నయి, కోళ్లు తిరుగుతున్నయి. పటేల్ మైకు పట్టుకొని, అక్కలారా అన్నలారా అని ఆ కోళ్లకే ఉపన్యాసం ఇచ్చిండు. మైకు ఇన్నంక గూడ ఎవ్వరు రాలే. ఎందుకొస్తరు? అంతకు ముందు యేడు ఆబ్కారోళ్లు పెండ్లి బండి లెక్క మైకుల పాటలు పెట్టుకొని వచ్చే కుండలు పట్టుకున్నరాయె.

రెండో ఊరు గంతే, తండా గంతే. జనం పనులల్ల ఉన్నరు, కష్టజీవులు అని పటేల్ తనకు తానే సర్ది చెప్పుకున్నడు. నాకు తిక్క లేసింది.

నాలుగో ఊర్లె మంగవ్వ అనే ముసలామె దొరికింది. మోకాళ్లు రాక ఉరకలేదు. కోళ్ల గంప ఒకటి బోర్లిచ్చి దాని మీదనే కూసున్నది. గంప కింద ఏమున్నదో వాసనే చెప్తున్నది. దిగింది పటేల్ అని గుర్తు పట్టినంక ఆమెకు పానం కుదుటపడ్డది. పటేల్ చేతులు జోడిచ్చి ఓటెయ్యమన్నడు. ఆమె ఆయన మొకం చూడలే, లైట్ల దిక్కే చూసింది.

"ఓట్లకొచ్చినోనికి జాలీలెందుకు బిడ్డా? మేం రాళ్లేస్తమని నీకు ముందే ఎరుకనా?"

పటేల్ జోడిచ్చిన చేతులు దించిండు. ఎనుకకొచ్చి జీపుల కూసున్నడు. జాలీలు కోపిద్దాం పటేలా అని బతిమాలిన. ఇప్పుడు తీస్తే బెదిరిండంటరని మీసం దువ్విండు. తాడు కాలినా మెలిక పోదంటరు, ఇగో ఇదే.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. మేం దుమ్ము లేపుకుంట పోయినంక లింగయ్య ఎనుక నుంచి సైకిల్ మీద వచ్చేటోడట. ఊరు ఊరంత చెరుకు తోటల ఒక్క కాడ దాక్కొని ఉండేది. పిలిచే పని లేదు, పందిరి పని లేదు. బండి పోయింది, ఇగ భయం లేదు రండ్రి అని చల్లటి మాట చెప్పి, వాళ్లతోని ఓ చెరుకు గడ నమిలి, ఓట్లడుక్కొని పోయేటోడు. ఆయనకు జనాన్ని జమ చేసి పెట్టింది మేమే, మా పెట్రోలు పోసుకొని.

ఎల్లారెడ్డిల ఓట్లు లెక్కవెట్టిన్రు. లింగయ్య గెలిచిండు. జనం ఆయనను సైకిల్‌తో సహా భుజాల మీదికి ఎత్తుకున్నరు. పటేల్ వచ్చి జీపెక్కిండు.

ఊరి పొలిమేరల పొద్దు గూకుతుంటే లైట్లేసిన. బండి ఆపు అన్నడు. దిగిండు. జీపు ముంగటికి పోయి, జాలీలను చూసుకుంట నిలవడ్డడు. పాపం, ఆ మొకం చూసి నవ్వుదామంటే నవ్వు గూడ రాలే. ఉన్నట్టుండి వంగి, పిడికెడంత రాయి తీసి లైటుకేసి బలంగ కొట్టిండు.

రాయి జాలీకి తాకి ఎగిరొచ్చి ఆయన కాళ్ల కాడనే పడ్డది. లైటు ఎలుగుతనే ఉన్నది. ఆ జాలీల మీద ఏ ఊరోడూ ఒక్క రాయి ఎయ్యలే. పడ్డ రాయి అదొక్కటే.