పిలిచిన పేరు

కేసుల పట్టీని అన్నం మెతుకులతో కోర్టు తలుపుకి అంటించి, గాసి ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు. వంకరగా ఉంది. ఊడదీసి మళ్ళీ సరిగ్గా పెట్టాడు. సాయంత్రంతో పని అయిపోయేవాడికి పట్టీ వంకరతో ఏం పనో అతనికే తెలియదు. ఎర్ర డవాలీని భుజం మీదుగా వేసుకుని, దాని ఇత్తడి బిళ్ళని చొక్కా అంచుతో రెండుసార్లు రుద్దాడు.

రెండువేల నాలుగు, జూన్ ముప్ఫై. కోర్టు బంట్రోతు కిల్లో గాసికి ఈ రోజుతో యాభై ఎనిమిదేళ్ళు నిండాయని కాగితాలు చెబుతున్నాయి. నిజం ఎవరికీ తెలియదు. రాగులు నూర్చే రోజుల్లో పుట్టావని మాత్రం వాళ్ళమ్మ చెప్పేది. పొడుగాటి మనిషి. మోకాళ్ళు కాస్త వంగాయి, పై వరసలో రెండు పళ్ళు లేవు, మెడ నరాలు పైకి తేలి ఉంటాయి. పద్దెనిమిదేళ్ళుగా గొంతుతోనే బతికాడు. గుమ్మంలో నిలబడి, పట్టీలో ఉన్న ఒక్కో పేరునీ మూడుసార్లు పిలవడం అతని పని. రోడ్డవతల కాఫీ గింజలు ఆరబోసుకునేవాళ్ళకి కూడా ఆ పిలుపు వినిపించేది. ఆ కొండ ఊరి కోర్టులో జడ్జీగారి కన్నా ఎక్కువసార్లు నోరు తెరిచేది అతనే. తెరిచి అనేది మాత్రం ఒక్కటీ అతని సొంత మాట కాదు.

ఆ రోజు పిలుపులే కాక ఇంకో పని కూడా ఉంది. పదిహేనేళ్ళు దాటిన పాత కేసుల కట్టల్ని కాల్చేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పొద్దున్నే రికార్డు గదిలోంచి కట్టలన్నీ మోసి పెరట్లో పేర్చాడు. చెదలు తిన్న అట్టలు, ఎలుక కంపు, తడి నూలు తాళ్ళు. ఎనభై ఎనిమిదో సంవత్సరం మనోవర్తి కట్ట చేతికి వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగాడు. తర్వాత దాన్ని కుప్ప అడుగున పెట్టి, పైన నాలుగు కట్టలు వేశాడు. పోనీలే, నాతో పాటు ఇదీ పోతుంది అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గేసింది కానీ, గుండె మాత్రం తేలికైంది.

పది దాటాక ఒక పిల్ల వచ్చి హెడ్ గుమాస్తా గణపతిరావు కిటికీ దగ్గర నిలబడింది. ఇరవై ఏళ్ళుంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో సర్టిఫికెట్లు.

"నా పేరు రత్న అండి. పాత కేసు కాగితాలకి నకలు కావాలండి. మా అమ్మ ఎనభై ఎనిమిదిలో మనోవర్తి కేసేసింది. అందులో మా అయ్య నన్ను తన బిడ్డేనని ఒప్పుకున్నాడంట. టీచరు ఉద్యోగానికి పేరొచ్చింది, ఎల్లుండిలోగా కులం సర్టిఫికెట్ ఇమ్మంటన్నారు. అయ్య సచ్చిపోనాడు. నేను ఆడి కూతుర్ని కాదని సిన్నాన్నలు మండలాఫీసులో రాసిచ్చేశారండి."

"మీ అమ్మ పేరు?"

"గొల్లోరి సోంబారి."

గుమ్మంలో ఉన్న గాసి చెయ్యి డవాలీ మీదే ఆగిపోయింది.

గణపతిరావు కళ్ళజోడు సవరించుకుని, కేసు వేసినవాళ్ళ పేర్ల పుస్తకం తీశాడు. మైదానం మనిషి, పనిలో మంచివాడే. పుస్తకంలో ఉన్నది ఉందనీ, లేనిది లేదనీ చెబుతాడు. అంతకు మించి ఒక్క అంగుళం కదలడు. 'గొ' దగ్గర వేలు పెట్టి కిందికి జరిపాడు, మళ్ళీ పైకి జరిపాడు. 'సో' కూడా చూశాడు.

"లేదమ్మా. ఎనభై ఎనిమిదిలో ఆ పేరు మీద కేసే లేదు."

"ఉంటాదండి. బాగా సూడండి."

"చూశాను. నంబరు తెస్తే వేరే సంగతి. అదైనా త్వరగా తేవాలి. సాయంత్రం నాలుగింటికి ఆ యేడు కట్టలన్నీ కాల్చేస్తున్నాం. మబ్బు పట్టింది, వాన ముందే వస్తే ముందే కాల్చేస్తాం."

రత్న కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడింది.

గాసికి నంబరు తెలుసు. ముప్ఫై ఏడు. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

అప్పుడతను కోర్టులో చేరి రెండేళ్ళు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ రోజు పట్టీలో నాలుగో పేరు 'పాంగి సోములమ్మ'. భర్త పేరు పాంగి మంగ్లు. ఆ కాగితం చూడగానే గాసికి ఏదో గుచ్చుకుంది. కొండ మీద పాంగి ఇంటివాడు పాంగి ఇంటి పిల్లని చేసుకోడు. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ళే. పెళ్ళయినా ఆడదానికి పుట్టింటి పేరే ఉంటుంది. కానీ అర్జీ రాసిన ప్లీడరు గుమాస్తా కింద మైదానం నుంచి వచ్చినవాడు. వాళ్ళవైపు ఆడవాళ్ళకి మొగుడి ఇంటిపేరు వస్తుంది కాబట్టి ఈమెకీ అదే తగిలించాడు. సోంబారి అనే పేరు అతనికి పేరులా అనిపించలేదేమో, సోములమ్మ అని దిద్దాడు. ఆమె వేలిముద్ర వేసింది.

రాసినది రాసినట్టు పిలవాలని గాసికి నేర్పారు. పిలిచాడు. "పాంగి సోములమ్మా!" మూడుసార్లు. ఎవరూ లేవలేదు. భర్త తరపు ప్లీడరు, భర్త ఇచ్చిన జవాబు కాగితం, కౌంటరు, దాఖలు చేసి వెళ్ళిపోయాడు. కేసు కొట్టేశారు.

సాయంత్రం తలుపులు వేస్తుంటే, గోడ పక్కన ఒకామె నాలుగేళ్ళ పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని కనిపించింది. పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. కోర్టు అయిపోయింది, ఎళ్ళమన్నాడు. నన్నింకా పిలవనేదు అంది. పేరేటని అడిగాడు. గొల్లోరి సోంబారి అంది.

ఆ క్షణంలో లోపలికి పరుగెత్తి ఉంటే సరిపోయేది, జడ్జీగారు ఇంకా గదిలోనే ఉన్నారు. గాసి పరుగెత్తలేదు. తప్పు పిలిచావంటారని, ఉద్యోగం తీసేస్తారని భయపడ్డాడు. "రేపు రా" అన్నాడు. రేపు వచ్చి లాభం లేదని అతనికి తెలుసు.

ఇప్పుడూ అంతే. పన్నెండు వరకూ ఆరు పేర్లు పిలిచాడు. పెన్షను కాగితాల మీద గణపతిరావు సంతకం ఇంకా పడలేదు. ఈ గంటల్లో కొత్త గొడవ ఎందుకు, ఆ పిల్లకి ఇంకో దారి ఏదో దొరక్కపోదు, అనుకుంటూ మధ్యాహ్నం గంజి తాగాడు.

మూడున్నరకి గణపతిరావు కిరసనాయిలు డబ్బా అతని చేతికిచ్చాడు. "గాసీ, చినుకు పడేలా ఉంది. కానిచ్చెయ్."

డబ్బా పట్టుకుని పెరటివైపు తిరిగేసరికి గోడ పక్క నుంచి మాటలు వినిపించాయి. రత్న నిలబడి ఉంది. ఆమె ముందు నేల మీద ఒక ఆడమనిషి గొంతుక్కూర్చుని ఉంది. ముక్కుకి మూడు పుడకలు, తల నెరిసిపోయింది. పదహారేళ్ళ కిందట కూర్చున్న చోటే.

"అమ్మా, నిజం సెప్పు. ఆ దినం నువ్వు ఒచ్చినావా? బయపడి ఎలిపోనావా? అందరూ అదే అంటారు. నీ కేసు నిజమైతే పిలిచినప్పుడు లెగవ్వా అని సిన్నాన్నోలు నా మొకం మీదే నవ్వినారు."

"ఒచ్చినాను."

"మరి?"

"పిలవనేదు."

"కోర్టోల్లు పిలవకుండా ఉంటారేటి! నీ మాట నమ్మి నేను ఇంత దూరం ఒచ్చినాను. కాయితాల్లో నీ పేరే నేదంట!"

పదహారేళ్ళుగా చెప్పిన మాటే చెప్పి అలిసిపోయినట్టు, ఆమె అడ్డాకుల్లో కట్టిన అన్నం పొట్లం విప్పి కూతురి ముందు పెట్టింది. రత్న దాన్ని ముట్టుకోలేదు.

గాసి డబ్బాని నేల మీద పెట్టేశాడు. "మీ యమ్మ అబద్దం సెప్పలేదు గుంటా" అన్నాడు. "ముప్ఫై ఏడో నెంబరు. బేగి దరకాస్తు రాయి. దరకాస్తు పడితే ఆ కాయితం కాల్చడానికి కుదరదు. పేరు పాంగి సోములమ్మ అని రాయి."

రత్న వెనక్కి తగ్గింది. "అదేటి తాతా! పాంగి మా అయ్య ఇంటి పేరు. అలా రాస్తే అమ్మా అయ్యా అన్నాసెల్లెళ్ళు అయిపోరా? నేను రాయను."

"అందుకే మీ యమ్మ లెగవలేదు."

రత్న తల్లివైపు చూసింది. తర్వాత గాసివైపు. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"పిలిచింది నానే" అన్నాడు గాసి. "తప్పని తెలిసి కూడా నోరు ఎత్తనేదు. నా బతుకు సూసుకున్నాను."

రత్న గోడకి కాగితం ఆనించి గబగబా రాయడం మొదలుపెట్టింది. గాసి కుప్ప దగ్గరికి పరుగెత్తాడు. పై కట్టలు నాలుగూ పక్కకి లాగి, అడుగుకట్ట తాడు పళ్ళతో కొరికి తెంపాడు. ముప్ఫై ఒకటి. ముప్ఫై నాలుగు. ముప్ఫై ఏడు. చెద ఒక మూల తినేసింది. కౌంటరు మిగిలింది. మూడో వాక్యం అతను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "పాప రత్న నాకు పుట్టిన బిడ్డయే."

గణపతిరావు దరఖాస్తు చదివి కలం కింద పెట్టాడు. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది.

"పిటిషనరు పాంగి సోములమ్మ. ఈ పిల్ల తల్లి గొల్లోరి సోంబారి. ఇద్దరూ ఒకరేనని ఎవరు చెప్పాలి?"

"నాను సెప్తాను బాబూ."

"నీకేం తెలుసు?"

గాసి చెప్పాడు. నిలబడి, పేర్లు పిలిచే గొంతుతో కాకుండా, చిన్నగా చెప్పాడు. గణపతిరావు వింటూ వింటూ కళ్ళజోడు తీసేశాడు.

"గంటలో దిగిపోయేవాడివి. ఇది రాసిచ్చావంటే తర్వాత ఎవరైనా అడగొచ్చు. పెన్షను ఆగినా ఆగొచ్చు. ఆలోచించుకున్నావా?"

"పదారేళ్ళు ఆలోసించాను బాబూ."

గణపతిరావు కలం మళ్ళీ తీసుకున్నాడు. తర్వాత దరఖాస్తు మీద తన చేత్తోనే 'పాంగి సోములమ్మ ఉరఫ్ గొల్లోరి సోంబారి' అని రాసి, కింద గుర్తించిన సాక్షి అనే చోట గాసి చేత సంతకం పెట్టించాడు. గాసి చదవడం, రాయడం వయోజన బడిలో నేర్చుకున్నాడు. తన పేరు రెండక్షరాలే అయినా నిమిషం పట్టింది. ముద్ర పడింది. "నకలు రేపు పదకొండుకి" అన్నాడు గణపతిరావు. కాగితం మీద ఇప్పుడు ఉంది కాబట్టి, ఇక ఆయనకి అనుమానం లేదు.

రత్న అక్కడే నిలబడి ఏడ్చింది. ఉద్యోగం కోసం కాదు. తల్లి మాట నిజమో కాదోనని, పొద్దున్న బస్సులో ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వచ్చింది, అందుకు.

చినుకులు మొదలయ్యాయి. మిగిలిన కట్టల మీద గాసి పట్టా కప్పాడు. కాల్చడం ఇక రేపటి మనిషి పని.

ఐదవుతుండగా ఒక బంతిపూల దండ వేశారు, టీ ఇచ్చారు. జడ్జీగారు రెండు మంచి మాటలు చెప్పి కారెక్కారు. గాసి డవాలీ విప్పబోయి ఆగాడు. గుమాస్తా బల్ల మీది పెన్సిలు తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళి, పట్టీ మీద వంగి ఏదో రాశాడు. తర్వాత ఎప్పటిలాగే గుమ్మంలో ఎడమకాలు ముందుకు పెట్టి నిలబడి, ఊపిరి తీసుకున్నాడు.

"గొల్లోరి సోంబారీ!"

రోడ్డు మీద పోతున్నవాళ్ళు తిరిగి చూశారు. కోర్టు ఖాళీగా ఉంది.

"గొల్లోరి సోంబారీ!"

గోడ పక్కన ఆ ఆడమనిషి కూతురి భుజం పట్టుకుని లేచింది. మూడో పిలుపు అక్కర్లేకపోయింది. తడిసిన చీరతో మెట్ల దాకా వచ్చి, అతని ముందు నిలబడి, "ఒచ్చినాను" అంది.

గాసి రెండు చేతులూ జోడించాడు. ఆమె అతన్ని క్షమించిందో లేదో తెలియదు. అతని మెడలో దండ వైపు చూసి, ఎళ్ళిపోతన్నావా అని అడిగింది. అవునన్నాడు. ముగ్గురూ ఒకే బస్సుకి నడిచారు. అతను తన ఊరి మలుపులో దిగిపోయాడు, వెనక్కి తిరిగి చూడలేదు.

డవాలీ గోడ మేకుకి వేలాడుతోంది, అది రేపటివాడికి. తలుపు మీద పట్టీ మాత్రం వాన జల్లుకి ఒక మూల ఊడి రెపరెపలాడుతోంది. ఏడు కేసులకీ నంబర్లున్నాయి. వాటి కింద, నంబరు లేకుండా, వంకర టింకర పెన్సిలు అక్షరాలతో ఎనిమిదో పేరు ఉంది: గొల్లోరి సోంబారి.